‘ఆగు’ అనే మనిషి: వేటలో పెద్దవాళ్ల వెంట పిల్లలు ఏం నేర్చుకుంటారు?

రామాయణం, భారతం, భాగవతం. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మూడింట్లోనూ కథ మలుపు తిరిగేది ఒక చెడిపోయిన వేట దగ్గరే.

దశరథుడు యువరాజుగా ఉన్న రోజులు. వానాకాలం, రాత్రిపూట, సరయూ ఒడ్డున మాటు వేశాడు. చీకట్లో నీళ్ల చప్పుడు వినిపించింది. ఏనుగు నీళ్లు తాగుతోందనుకుని చప్పుడు వచ్చిన వైపు బాణం వదిలాడు. అది కుండలో నీళ్లు ముంచుకుంటున్న కుర్రాడికి తగిలింది. మనం శ్రవణకుమారుడని చెప్పుకునే పిల్లవాడు. పుత్రశోకంతో పోతావని అతని తండ్రి పెట్టిన శాపమే తర్వాత అయోధ్యలో నిజమైంది. భారతంలో పాండురాజు జతకూడి ఉన్న జింకల్ని కొట్టాడు. ఆ జింక రూపంలో ఉన్నవాడు కిందముడనే ముని. ఆ శాపం లేకపోతే పాండవుల పుట్టుకే ఇంకోలా ఉండేది. భాగవతంలో పరీక్షిత్తు జింక వెంట పడి, ఆకలితో, దాహంతో శమీకుడి ఆశ్రమానికి వచ్చాడు. ధ్యానంలో ఉన్న ముని పలకలేదని కోపంతో చచ్చిన పామును ఆయన మెడలో వేశాడు. ఏడు రోజుల్లో చావు ఖాయమైంది. ఆ ఏడు రోజుల్లో శుకుడు చెప్పిందే భాగవతం.

ఇంకో రెండు కూడా ఉన్నాయి. వాల్మీకి నోట మొదటి శ్లోకం వచ్చింది, జంట పక్షుల్లో ఒకదాన్ని బోయవాడు కొట్టాడనే. కృష్ణుడి ఆఖరి రోజున ఆయన పాదాన్ని చూసి జింక అనుకుని బాణం వేసినవాడు జరుడనే వేటగాడు.

వీళ్లలో ఎవరి గురీ తప్పలేదు. దశరథుడిదైతే శబ్దవేధి, కళ్లతో పని లేకుండా కొట్టగలిగిన విద్య. అంత నైపుణ్యం ఉండి కూడా ఒకడు చూడకుండా కొట్టాడు, ఇద్దరు జత మీదున్నదాన్ని కొట్టారు, ఒకడు సగం చూసి మొత్తం చూశాననుకున్నాడు, ఇంకొకడు అలసటని కోపంగా మార్చుకున్నాడు. ఆ క్షణంలో పక్కన నిలబడి ‘ఆగు’ అని చెయ్యి పట్టుకునే పెద్దమనిషి ఈ అయిదు కథల్లో ఎక్కడా కనపడడు. విల్లు నేర్పిన గురువులున్నారు, అడవికి వెంట వచ్చినవాళ్లు లేరు.

ఇది చదివి నేను వేటను పొగుడుతున్నానని అనుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక, ముఖ్యంగా 1991 సవరణ తర్వాత, మన దేశంలో అడవి జంతువుల వేట దాదాపు పూర్తిగా నేరం. అలా అవడం మంచిదేనని నా అభిప్రాయం. అయితే మనుషుల చరిత్రలో ఎక్కువ భాగం పిల్లలకు వేటే ఒక బడి. ఆ బడికి తాళం వేశాం, సరే. అందులో ఏ సబ్జెక్టులు చెప్పేవాళ్లు? అవి ఇప్పుడు ఇంకెక్కడైనా చెప్తున్నారా? మన క్లబ్‌లో ఎక్కువమంది ఊళ్లనుంచి వచ్చినవాళ్లమే కాబట్టి ఈ ప్రశ్న మనది కూడా అనిపించింది.

నేలను చదవడం

మాది హనుమంతునిపాడు మండలం. కనిగిరి వైపు వచ్చినవాళ్లకి తెలుస్తుంది: గుట్టలు, చిల్లచెట్లు, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉండే వంకలు, కంది చేలు. మా తాత చిన్నతనంలో, అంటే 1950ల చివర్లో, వాళ్ల పెదనాయన వెంట కుక్కల్నీ వలల్నీ తీసుకుని చెవులపిల్లి వేటకు పోయేవాడు. (చెవులపిల్లి అంటే కుందేలు. హాస్టల్లో ఈ మాట అంటే కొందరు పిల్లి అనుకున్నారు, అందుకే చెప్తున్నా.) నాకు ఊహ తెలిసేసరికి ఆ వేటా లేదు, ఆ కుక్కలూ లేవు. కానీ మేకలు తోలుకుని పోయేటప్పుడు తాత కళ్లు మాత్రం ఇంకా నేలమీదే ఉండేవి. వేసవి సెలవుల్లో ఆయన వెనకాల నడిచేవాణ్ణి. నాకు తెలిసిందంతా అలా వేట లేకుండా వచ్చిన వేట పాఠమే.

ఉదాహరణకి కుందేలు జాడ. కుందేలు గెంతేటప్పుడు ముందు కాళ్లు మొదట నేలకు ఆనతాయి, తర్వాత వెనక కాళ్లు వాటిని దాటుకుని ముందుకొచ్చి పడతాయి. అంటే ఇసుకలో పెద్దగా, జంటగా కనపడే గుర్తులు వెనక కాళ్లవి, అవి ముందుంటాయి. చిన్న గుర్తులు ముందు కాళ్లవి, అవి వెనకుంటాయి. ఈ సంగతి తెలియని వాళ్లెవరైనా జాడను తిరగేసి చదువుతారు. కుందేలు ఎటు పోయిందో అటు కాకుండా, ఎటునుంచి వచ్చిందో అటు వెతుక్కుంటూ పోతారు. ముందు కాళ్ల గుర్తులు రెండూ ఒక్కోసారి ఒకదానిమీద ఒకటి పడి మూడే కనిపిస్తాయి. ‘నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు’ అన్నవాడు మొండివాడు కాకపోవచ్చు, జాడ సగమే చదివినవాడేమో అని నాకో సరదా అనుమానం. పండితులు ఒప్పుకోరనుకోండి.

తర్వాత కొరికిన మొక్క. కుందేలుకు పైన, కింద రెండు వైపులా పదునైన ముందు పళ్లుంటాయి. అది కొరికిన కంది రెమ్మ కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. మేకకీ, జింకకీ పై దవడలో ముందు పళ్లు ఉండవు. అవి పట్టి లాగుతాయి, కాబట్టి రెమ్మ చివర పీచుపీచుగా చిరిగి ఉంటుంది. చేనులో పడ్డది ఎవరి మేకో, అడవి జంతువో తేల్చడానికి ఇది పనికొస్తుంది. ఊళ్లో కొన్ని తగాదాలు ఇక్కడే తెగిపోతాయి.

కుక్క అడుగులో గోళ్ల గుర్తులు పడతాయి. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి, చిరుతైనా పులైనా, మామూలుగా గోళ్ల గుర్తు ఉండదు. అడుగు ఎవరిదో తెలిశాక, ఎప్పటిదో తెలియాలి. తెల్లవారి మంచు ఆ అడుగు మీద పడిందా, లేక మంచు పడ్డ నేలను ఆ అడుగు తొక్కిందా? అంచులు ఇంకా పదునుగా ఉన్నాయా, గాలికి రాలిపోయాయా? చీమల బారు అడుగును దాటి పోయిందా, లేక చీమల దారినే అడుగు తెంచిందా? ఏది మీద, ఏది కింద అన్నదే లెక్క. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఒక్క మాట: ఇది టైమ్‌స్టాంపులు లేని లాగ్ ఫైల్. ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో మనమే తేల్చుకోవాలి.

తాత ఎప్పుడూ ముందుగా జవాబు చెప్పేవాడు కాదు. అడుగు దగ్గర ఆగి, చేతికర్రతో చూపించి, “ఇది యాటికి బోయిందో చెప్పు” అనేవాడు. చెప్పాక, “ఎప్పుడు బోయింది?” అదీ చెప్పాక మూడోది, అన్నిటికన్నా కష్టమైంది: “ఎందుకు బోయింది?” నేను ఏది చెప్పినా అవునూ కాదూ అనేవాడు కాదు. “సరే, పోయి చూద్దాం పా” అని ఆ దారినే నడిపించేవాడు. కాసేపటికి నేలే జవాబు చెప్పేది. నేను ఇంగ్లిష్ మీడియంలో చదివాను. ప్రశ్నకి జవాబు ఒకటే, అది పుస్తకం వెనకాల ఉంటుంది అనే చదువు. వెనక పేజీ లేని ప్రశ్నలు నాకు మొదట ఎదురైంది మేకల వెనకాలే.

గమ్మునుండడం కూడా ఒక పాఠమే. పెద్దవాళ్లు పక్కనుంటే పిల్లలు మాట్లాడకుండా అరగంట కూర్చోగలరని స్కూల్లో ఎవరూ నమ్మరు. కూర్చోగలరు. అక్కడ కూర్చుంటే ఏదో ఒకటి కనపడుతుందని నమ్మకం ఉండాలి, అంతే. ఆ నమ్మకం పక్కనున్న మనిషినుంచే వస్తుంది.

ఇక ‘ఆగు’ సంగతి. వేటకు పోయిన రోజుల గురించి తాత చెప్పినవాటిలో పట్టిన కథలకన్నా వదిలేసిన కథలే ఎక్కువ. చూలుతో ఉన్నదాన్ని వదిలేయడం. పిల్లల దగ్గరున్నదాన్ని వదిలేయడం. నీళ్లకు వచ్చినదాన్ని కొట్టగూడదని వాళ్ల పెదనాయన చెప్పిన మాట. పొద అవతల ఏముందో కంటికి కనపడకుండా కర్ర విసరడం అస్సలు కుదరదు, అవతల మేకలు కాసే పిల్లలు ఉండొచ్చు కాబట్టి. ఈ నాలుగూ రాసుకుని దశరథుడి కథ పక్కన పెట్టుకోండి. సరయూ ఒడ్డున ఆ రాత్రి రెండు నియమాలు ఒకేసారి తెగాయి.

నల్లమలలో

మా తాతది తిండికి కాస్త కూర తోడయ్యే వేట. వేటా సేకరణా మీదే బతికిన వాళ్ల సంగతి తెలుసుకోవాలంటే మాకు దగ్గర్లోనే నల్లమల ఉంది. మార్కాపురం దాటి దోర్నాల, యర్రగొండపాలెం వైపు పోతే చెంచుగూడేలు మొదలవుతాయి. అటు కృష్ణ అవతల అమ్రాబాద్ దాకా వాళ్లదే అడవి. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త 1940లో నిజాం రాజ్యంలోని ఆ అమ్రాబాద్ వైపు చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్లమీద ఒక పెద్ద పుస్తకం వేశాడు. చెంచుల గురించి ఇప్పటికీ అందరూ మొదట తిరగేసేది దాన్నే.

అందులో మన సినిమా ఊహలకి దెబ్బ కొట్టే విషయం ఒకటుంది. చెంచు అనగానే మనకి విల్లు, బాణం, మాంసం గుర్తొస్తాయి. కానీ వాళ్ల రోజువారీ తిండిలో ముఖ్యమైనది అడవి గడ్డలు, దుంపలు, పళ్లు. వేట ఎప్పుడో పడితే పండగ. తవ్వుడుకర్ర పట్టుకుని గడ్డలకు పోయేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, వాళ్ల వెంట పిల్లలు. కాబట్టి అడవి బడిలో మొదటి టీచర్ చాలాసార్లు అమ్మ, అవ్వ. ఎండిపోయిన తీగను చూసి కింద గడ్డ ఎంత లోతులో ఉంటుందో అంచనా కట్టడం, తవ్వాక తీగ మొదలు కొంచెం మట్టిలోనే వదిలి పూడ్చేయడం, మళ్లీ ఊరుతుంది కనక. ఇదీ ఒక ‘ఆగు’. (వేట మగవాళ్ల పనే అనుకునేవాళ్లకి: ఫిలిప్పీన్స్‌లో అగ్తా అనే తెగ ఆడవాళ్లు విల్లు పట్టుకుని అడవిపందుల్నీ జింకల్నీ వేటాడినట్టు మానవశాస్త్రవేత్తలు వివరంగా రాశారు.)

తేనె సంగతి ఇంకా బాగుంటుంది. కొండచరియల్లో పట్టిన పెద్ద తేనెపట్టు తీయాలంటే పైనుంచి తాడు కట్టుకుని దిగాలి. పైన తాడు దగ్గర కాపలా ఉండేది ఎవరు? చెంచుల్లో చెప్పుకునే మాట ప్రకారం బావమరిది. అతని అక్కో చెల్లెలో కింద వేలాడే మనిషికి భార్య, ఆమె విధవ కావడం అతనికి ఎన్నటికీ ఇష్టం ఉండదు, అందుకని. వెంట వచ్చిన పిల్లవాడు ఇక్కడ తేనెటీగల గురించీ పొగ గురించీ నేర్చుకుంటాడు. అంతకుముందే ఎవరిని నమ్మి కిందికి దిగొచ్చో నేర్చుకుంటాడు. చుట్టరికం అంటే ఏమిటో మనకి పెళ్లి కార్డుల్లో తెలుస్తుంది, వాళ్లకి తాడు దగ్గర తెలుస్తుంది.

ఈ బావమరిది సంగతి అహోబిలంలో కూడా కనిపిస్తుంది. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని కథ, కాబట్టి ఆయన చెంచులకు అల్లుడు, బావ. సంక్రాంతికి మొదలయ్యే పార్వేట ఉత్సవంలో స్వామి నలభై రోజులకు పైమాటే చుట్టుపక్కల పల్లెలు తిరుగుతాడు. పార్వేట అంటేనే వేట. దేవుడు కూడా వేటకు ఒంటరిగా పోడు, పల్లకీతో, బంధువులతో పోతాడు. రాజులకన్నా దేవుడికి బుద్ధి ఎక్కువన్నమాట.

వేట విద్య ఎంత కాలానికి పూర్తవుతుంది? 2020లో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో జెరెమీ కోస్టర్, ఇంకా చాలామంది కలిసి రాసిన ఒక పరిశోధన వచ్చింది. ప్రపంచంలో 40 చోట్ల, 1,800 మందికి పైగా వేటగాళ్ల రికార్డులు, 23 వేలకు పైగా వేటల లెక్కలు పెట్టి చూశారు. మనిషి వేటలో బాగా ఆరితేరేది సగటున 30, 35 ఏళ్ల మధ్య అని తేలింది. బలం అంతకు ముందే వస్తుంది, ఆలస్యంగా వచ్చేది తెలివిడి. అంటే ఇరవై ఏళ్లకు పైగా ఒకరి వెంట, ఆ తర్వాత తోటివాళ్లతో తిరిగితే గానీ పూర్తికాని కోర్సు ఇది. మనం నాలుగేళ్లకే డిగ్రీ పట్టా పట్టుకుని బయటికొస్తున్నాం, అదీ ల్యాబ్ రికార్డులు కాపీ కొట్టి.

చట్టం, ఉచ్చు, హాస్టల్

2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు అడవి భూమి మీద, తేనె, జిగురు, చింతపండు లాంటి చిన్న అటవీ ఫలసాయం మీద హక్కులిచ్చింది. కానీ వేట హక్కును అందులోనుంచి స్పష్టంగా, పేరు పెట్టి మినహాయించింది. అందుకు కారణం ఉంది. అడవి చిన్నదైంది, జంతువులు తగ్గాయి, తుపాకులూ మార్కెట్టూ వచ్చాయి. పాత నియమాలు పాత లెక్కల మీద నిలబడ్డవి.

అయితే చట్టం వచ్చాక వేట ఆగిపోలేదు, దాని రూపం మారింది. ఇప్పుడు మన జిల్లాల్లో పేపర్లో చదివే వేట ఏమిటి? చేను చుట్టూ లాగిన కరెంటు తీగ, పందుల కోసం పెట్టిన నాటుబాంబు, దారికి కట్టిన ఇనుప తీగ ఉచ్చు. ఇవి పెట్టినవాడు ఇంటికెళ్లి పడుకుంటాడు. రాత్రి ఆ తీగ దగ్గరికి ఎవరొచ్చారో తీగకి తెలియదు. చూలుతో ఉన్న పందా, పులా, పక్కింటి ఆవా, పొలానికి నీళ్లు కట్టడానికి వచ్చిన రైతా, దానికి అందరూ ఒకటే. అందుకే ఇలాంటి తీగలకి మనుషులు కూడా చచ్చిపోతున్నారు. దశరథుడు కనీసం చప్పుడు విన్నాడు, తీగ అది కూడా వినదు. పిల్లవాడు ఇందులో ఏం నేర్చుకుంటాడు? ఏమీ లేదు. పొద్దున్నే వెళ్లి ఏం పడిందో చూడ్డం తప్ప. పాత వేటలో చంపడం ఉంది, కానీ చంపే ముందు చూడ్డం, ఎంచడం, వదిలేయడం కూడా ఉన్నాయి. ఇందులో చంపడం ఒక్కటే మిగిలింది.

రెండోది హాస్టల్. చెంచుగూడేల పిల్లలు చిన్న వయసులోనే ఆశ్రమ పాఠశాలలకు వెళ్తారు. వెళ్లాలి కూడా. చదువు లేకపోతే రేషన్ కార్డు దరఖాస్తు దగ్గరనుంచి కోర్టు కాగితం దాకా ఎవరో ఒకరి ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. చెంచుల్ని ప్రభుత్వం ‘ముఖ్యంగా బలహీనమైన గిరిజన సమూహాల’ జాబితాలో ఊరికే పెట్టలేదు. అడవిలో పిల్లలు హాయిగా ఉన్నారు, బడికి పంపి పాడుచేశాం అనే మాట నేను అనను. ఆ హాయిలో మలేరియా ఉంది, ఆకలి ఉంది. కానీ ఆరేడేళ్లనుంచి పద్నాలుగు దాకా, సరిగ్గా తాత వెంట నడిచే వయసులో, ఆ పిల్లలు అడవిలో ఉండరు. పదో తరగతి అయ్యాక తిరిగొస్తే నేల వాళ్లకి అచ్చు కాని పుస్తకం. తెలిసిన తాతలు పోతే మళ్లీ చెప్పేవాళ్లు ఉండరు. ఒక్క తరం చాలు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో పులుల్ని కాపాడడానికి అటవీశాఖ ఎవరిని పెట్టుకుంది? చెంచుల్నే. ప్రొటెక్షన్ వాచర్లుగా, జాడ తీసేవాళ్లుగా. పులి అడుగు చూసి అది ఎటు పోయిందో చెప్పేది, ఉచ్చు ఎక్కడ పెట్టి ఉంటారో పసిగట్టేది వాళ్లే. 2018 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 48 పులులు, 2022 లెక్కల్లో 63. కెమెరాలు వచ్చాయి, నిజమే. కానీ ఇన్ని చదరపు కిలోమీటర్ల అడవిలో కెమెరా ఏ చెట్టుకి కట్టాలో ముందు ఎవరో ఒకరు నేల చూసి చెప్పాలి కదా. ఆ చూపు వాళ్లకి ఎలా వచ్చింది? నాయన వెంట, తాత వెంట, ఇప్పుడు చేయకూడని పని చేస్తూ వచ్చింది. మరి ఇరవై ఏళ్ల తర్వాత ఈ ఉద్యోగాలకు ఎవరు దొరుకుతారు? అడవిలో పుట్టిన పిల్లలే ఉండొచ్చు, కానీ వాళ్లూ కుందేలు జాడను తిరగేసి చదివే అవకాశం ఉంది.

కేప్‌టౌన్‌లో ఒక సీఎస్ స్టూడెంట్

ఈ ప్రశ్న మనకంటే ముందే ఇంకోచోట వచ్చింది. దక్షిణాఫ్రికాలో లూయిస్ లీబెన్‌బర్గ్ అనే ఆయన కలహారి ఎడారి వేటగాళ్లతో కలిసి తిరిగి, 1990లో జాడ తీసే విద్య మీద పుస్తకం రాశాడు. ఆయన వాదన ఏమిటంటే, సైన్స్ పుట్టింది గ్రీకుల దగ్గర కాదు, జాడ దగ్గర. గుర్తులు స్పష్టంగా ఉన్నంతవరకు వాటి వెంట నడవడం ఒక స్థాయి. గుర్తులు చెదిరిపోయినప్పుడు, ‘ఇది దప్పికతో ఉంది, నీళ్లు అటున్నాయి, కాబట్టి ఇటే పోయుంటుంది’ అని ఊహించి, ముందుకెళ్లి ఆ ఊహ నిజమో కాదో నేలమీద సరిచూసుకోవడం ఇంకో స్థాయి. తప్పైతే ఊహ మార్చుకోవాలి, నేల మారదు. తాత అడిగిన మూడో ప్రశ్న, ‘ఎందుకు బోయింది’, ఈ రెండో స్థాయిదని నాకు ఈయన గురించి చదివాకే తెలిసింది.

వాళ్లకీ ఇదే ఇబ్బంది వచ్చింది. గొప్ప ట్రాకర్లు చదువురానివాళ్లు. వాళ్లకు తెలిసింది రాసే దారి లేదు. అప్పుడు కేప్‌టౌన్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న జస్టిన్ స్టీవెంటన్ అనే కుర్రాడు లీబెన్‌బర్గ్‌తో కలిసి ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. పేరు సైబర్‌ట్రాకర్. చేతిలో పట్టే చిన్న కంప్యూటర్, తెరమీద అక్షరాలకు బదులు బొమ్మలు. జంతువు బొమ్మ, అది చేస్తున్న పని బొమ్మ, తింటున్న మొక్క బొమ్మ నొక్కితే చాలు. ఎక్కడ, ఎప్పుడు అన్నది జీపీఎస్ చూసుకుంటుంది. కరూ నేషనల్ పార్కులో కారెల్ బెనాడీ, జేమ్స్ మిన్యే అనే ఇద్దరు ట్రాకర్లు దీంతో నల్ల ఖడ్గమృగాల మీద వివరాలు సేకరించారు. 1999లో వచ్చిన పరిశోధనా పత్రంలో వాళ్లిద్దరి పేర్లూ రచయితలుగా అచ్చయ్యాయి. అక్షరం రాకపోయినా రచయితలే.

మన దగ్గర పులుల రిజర్వుల్లో ఎం–స్ట్రైప్స్ అనే యాప్ వాడుతున్నారు, 2010లో మొదలైంది. గస్తీ తిరిగినవాళ్లు చూసిన అడుగులు, పేడ, ఉచ్చులు ఫోన్‌లో నమోదు చేస్తారు. అది అధికారుల లెక్క కోసం. నేను ఆలోచిస్తున్నది దానికి తిరగేసిన పని: తాతల దగ్గరనుంచి పిల్లల దగ్గరికి పోయే యాప్. హాస్టల్లో ఉన్న చెంచు పిల్లవాడు సెలవులకు గూడెం వచ్చినప్పుడు తాత వెంట నడిచి, ఒక్కో అడుగు ఫొటో తీసి, ఆయన గొంతులోనే ఆ మూడు ప్రశ్నలు రికార్డు చేసుకోవాలి. యాటికి, ఎప్పుడు, ఎందుకు. జవాబు ముందు పిల్లవాడు చెప్పాలి. తర్వాతే తాత గొంతు వినపడాలి. చంపడం ఎక్కడా అక్కర్లేదు. ఇక్కడ కోడ్ పెద్ద కష్టం కాదు, మన రెండో సంవత్సరం మినీ ప్రాజెక్టు స్థాయిదే. కష్టం ఏమిటంటే తాత పక్కన నడవడానికి మనిషి కావాలి. రికార్డు చేసిన గొంతు ప్రశ్న అడగగలదు, చెయ్యి పట్టుకోలేదు. అందుకే అది బడికి బదులు కాదు, సెలవుల హోంవర్క్ మాత్రమే.

ఈలోపు యాప్ అక్కర్లేని పని ఒకటి ఉంది. సంక్రాంతికి ఊరెళ్తారు కదా. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, చెరువుగట్టు కిందో వంకలోనో తడి ఇసుక ఉన్నచోటికి ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లండి. తాతైనా సరే, మేనమామైనా, మేకలు కాసిన అవ్వైనా సరే. ఏదో ఒక జాడ కనపడుతుంది, కనీసం కుక్కదో కౌజుపిట్టదో. అది ఎటు పోయిందో ముందు మీరు చెప్పండి, తర్వాత వాళ్లని అడగండి. వాళ్లు వాడిన మాటలు వాడినట్టే రాసి క్లబ్‌కి పంపండి. ఏ గుర్తుకి మీ ఊళ్లో ఏమంటారో ఒక్కటైనా ఉంటే చాలు, వచ్చే సంచికలో ఆ పట్టిక వేస్తాం. మా వైపునుంచి మొదటి మాట నేను ఇచ్చేశాను: చెవులపిల్లి.